పగ్గం వదిలితే నెమ్మదించిన గుర్రం: ఒక కేసు మొత్తం

రేసు గుర్రాలకు శిక్షణ ఇచ్చే మా లాయానికి వచ్చేనాటికి వాడికి మూడేళ్లు. ముదురు గోధుమ రంగు, వెనక ఎడమ కాలికి తెల్లటి పట్టీ, బరువు 470 కిలోలు. రేసు పేరు రాయను. మేం చిన్నోడు అని పిలిచేవాళ్లం, ఇక్కడా అలాగే రాస్తాను. ఇన్నేళ్లు వీటి మధ్యే బతికాక పేరు పెట్టి పిలిచే గుర్రాన్ని 'అది' అనడానికి నాకు నోరు రాదు.

అప్పటికి రెండు రేసులు పరిగెత్తాడు, రెండూ 1400 మీటర్లే, రెండింట్లోనూ ఒకటే కథ. గేటు తెరుచుకోగానే దూకడం, జాకీ చేతులు భుజాల్లోంచి ఊడొచ్చేలా లాగడం, మొదటి 600 మీటర్లు 34 సెకన్ల చిల్లరలో అందరికంటే ముందు పరిగెత్తడం, ఆఖరి 400 దగ్గరికి వచ్చేసరికి కాళ్లు బరువెక్కిపోయి ఒక్కొక్క గుర్రమూ పక్కనుంచి దాటిపోతుంటే చూస్తూ ఉండిపోవడం. ఆ చివరి 400కి రెండుసార్లూ 27 సెకన్లు దాటింది. వాడితో పాటు వచ్చిన కాగితంలో 'దమ్ము లేదు, 1000 మీటర్లలో దించండి' అని ఉంది. తీసుకొచ్చిన మనిషి నోటిమాటగా చెప్పింది మాత్రం 'మొండిది, చేతికి రాదు' అని.

చేతికి రాదు అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను, ఎందుకంటే 470 కిలోల గుర్రానికీ 55 కిలోల మనిషికీ బలపరీక్ష పెడితే ఎవరు గెలుస్తారో చెప్పడానికి ట్రైనర్ అక్కర్లేదు, అయినా చాలా లాయాల్లో పొద్దున్నే జరిగేది ఆ బలపరీక్షే. గుర్రం ఆగడం మన బలం వల్ల కాదు. పగ్గం బిగిస్తే ఏం చెయ్యాలో దానికి ఒకరు నేర్పారు, అది నేర్చుకుంది, అందుకని ఆగుతుంది. మరి చిన్నోడికి ఎవరు, ఏం నేర్పారు? ఈ కేసంతా ఆ ప్రశ్నే.

ముందు నోరు

లాగే గుర్రం ఏది వచ్చినా నేను మొదట నోరు చూపిస్తాను. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ చిగురు ఉంటుంది, బిట్, అంటే పగ్గాలు కట్టే నోటి కడ్డీ, కూర్చునేది అక్కడ. కింది దవడలో ఆ చోట ఎముక మీద పల్చటి పొర తప్ప ఏమీ ఉండదు, మన మోకాలి కింద ముందెముక మీద చర్మంలాగా. అక్కడ ఇనప కడ్డీ గట్టిగా ఒత్తుకుంటే ఎలా ఉంటుందో మీ కాలి మీద వేలితో నొక్కి చూసుకోండి.

మూడేళ్ల గుర్రం నోటిలో అసలే గందరగోళం. రెండున్నర ఏళ్ల నుంచీ పాల పళ్లు ఊడుతూ కొత్తవి వస్తుంటాయి, అంటే మనం వాటిని కష్టపెట్టి పని చేయించే వయసూ, పళ్లు మారే వయసూ ఒకటే. చిన్నోడికి పై దవడలో కుడివైపు, మొదటి దవడ పన్నుకు ముందు, బఠాణీ గింజంత పిల్ల పన్ను ఒకటి ఉంది. బిట్ వెనక్కి వచ్చినప్పుడల్లా దానికి తగులుతోంది. పై దవడ పళ్ల బయటి అంచులు కత్తుల్లా పదునుదేరి బుగ్గ లోపల రెండు చోట్ల పుండ్లు పడ్డాయి. డెంటిస్టు పిల్ల పన్ను తీసేసి అంచులు అరగదీశాడు. పది రోజులు బిట్ పెట్టలేదు, సైస్, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, మోకు పట్టుకుని నడిపించేవాడు, అంతే.

గొంతు కూడా చూపించాం. రేసులో గురగురమని చప్పుడు వచ్చిందని జాకీ చెప్పాడట. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. పైగా దౌడులో ప్రతి అంగకూ సరిగ్గా ఒక ఊపిరి. అంగ సాగినప్పుడు లోపలికి, కాళ్లు దగ్గరకు వచ్చినప్పుడు బయటికి. తల పైకెత్తి, నోరు తెరిచి, నాలుక వెనక్కి లాక్కుని బిట్‌తో పోట్లాడే గుర్రంలో మెత్తటి అంగిలి జారి గాలి దారికి అడ్డం పడే అవకాశం ఉంది. ఆ గురగుర అదే అని గుర్రాల డాక్టరు అనుమానం. నిలబెట్టి కెమెరా వేస్తే అంతా బాగానే ఉంది, కాబట్టి ముందు పోట్లాట ఆపి చూద్దాం, కత్తి సంగతి తర్వాత అన్నాడు. మంచి సలహా.

పదకొండో రోజు బిట్ పెట్టి ట్రాక్ మీదికి తీసుకెళ్తే, అదే లాగుడు. పన్ను పోయింది, నొప్పీ పోయింది, నొప్పి ఉన్నన్నాళ్లూ నేర్చుకున్నది మాత్రం అక్కడే ఉంది.

నేను చేసిన తప్పు

ఇది దాచుకోవాల్సింది కాదు, రాయాల్సిందే. తర్వాతి రెండు వారాలు నేనూ అందరూ చేసేదే చేశాను. మధ్యలో కీలుండే మామూలు జాయింట్ బిట్ తీసేసి, కింది దవడ చుట్టూ ఉంగరంలా పట్టే రింగ్ బిట్ పెట్టాను, ముక్కుపట్టీ రెండు రంధ్రాలు బిగించాను, లాయంలో అందరికంటే చేతిబలం ఉన్న రైడర్‌ను ఎక్కించాను. మొదటి రెండు రోజులు పనిచేసినట్టే కనిపించింది. మూడో రోజు నుంచి ముందుకంటే ఎక్కువైంది.

జీను పట్టీ కింద గుండె మీటర్ పెట్టి చూశాం. ట్రాక్ గేటు కనిపించగానే, ఇంకా నడుస్తుండగానే, నిమిషానికి 120. నడకలో 60, 80 మధ్య ఉండాల్సింది అది. ఫర్లాంగ్ 20 సెకన్ల క్యాంటర్‌లో, అంటే 200 మీటర్లకు 20 సెకన్ల నిదానపు పరుగులో, 205. గుర్రం గుండె గరిష్ఠంగా కొట్టేది 220, 240 మధ్య. 200 దాటిందంటే కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం మొదలైనట్టే లెక్క. వాడు అసలు పరుగు మొదలవకముందే సగం రేసు పరిగెత్తేస్తున్నాడు! 'దమ్ము లేదు' అని కాగితంలో రాసినాయన ఈ అంకెలు చూసి ఉంటే ఆ మాట రాసేవాడు కాదు.

రింగ్ బిట్ చెడ్డదని నేను అనడం లేదు. తల పక్కకు తిప్పేసే గుర్రాన్ని తిన్నగా నడపడానికి పనికొస్తుంది, నేనూ వాడతాను. కానీ పగ్గం అంటే ఏంటో తెలియని గుర్రం నోట్లో ఇంకా గట్టి ఇనుము పెట్టడం, మనం చెప్పే భాష రానివాడికి అదే మాట అరిచి చెప్పడం లాంటిది.

వాన పడిన పొద్దు

ఒకరోజు తెల్లవారుజామున సన్నగా వాన. బలమైన రైడర్ రాలేదు. కుర్రాడొకడు, మంచి బ్యాలెన్స్ ఉన్నవాడు, నేను ఎక్కుతానన్నాడు. ఒక్కటే క్యాంటర్ చేసి వచ్చెయ్ అన్నాను. 400 మీటర్లు పోయాక చిన్నోడు తల విదిలించాడు, తడిసిన పగ్గాలు కుర్రాడి వేళ్లలోంచి ఒక మూర జారిపోయాయి. నేను రెయిలింగ్ దగ్గర నిలబడి చూస్తున్నాను, ఇంక అయిపోయింది, రెండు చుట్లు తిరిగాక గానీ ఆగడు అనుకున్నాను. కుర్రాడు చేసేదేమీ లేక మెడపట్టీ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

నాలుగైదు అంగలు వేసేసరికి చిన్నోడు మెడ కిందికి దించాడు. ముక్కుల్లోంచి బుస్సుమని గాలి వదిలాడు. అంగ చిన్నదైంది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే నెమ్మదించాడు.

కుర్రాడు తిరిగొచ్చి, "అన్నా, నేను ఆపలేదు, చేతిలోంచి జారిపోయాయి, తిట్టకండి" అన్నాడు. "రేపు కూడా నువ్వే ఎక్కు" అన్నాను. ఆ రాత్రి చాలాసేపు దీని గురించే ఆలోచించాను.

తెలియని విషయమేం కాదు నిజానికి, ఈ పనిలో పాతబడ్డ ఏ రైడర్‌నడిగినా చెబుతాడు. రేసు గుర్రానికి బిగించిన పగ్గం అంటే ఆగమని కాదు. మామూలు సవారీ గుర్రానికి బిగించు, ఆగు, వదులు అని నేర్పుతాం. రేసు గుర్రానికి రెండో ఏట నుంచీ మనం చేసేది వేరు. పని మొదలయ్యే చోట రైడర్ పగ్గాలు పొట్టి చేసుకుని, రెండింటినీ ఒకదాని మీద ఒకటి వంతెనలా వేసి మెడ మీద ఆనిస్తాడు, గుర్రం బిట్ మీద బరువు వేసి, దాన్ని ఆసరా చేసుకుని దౌడు తీస్తుంది. నెలల తరబడి ఇలా జరిగాక పొట్టి పగ్గం, గట్టి పట్టు అంటే 'పద, పరిగెత్తు' అని దాని మనసులో స్థిరపడుతుంది. ఆ తర్వాత అదే పట్టుతో ఆపాలని చూస్తాం! గట్టిగా లాగిన కొద్దీ వేగం పెంచే గుర్రం మొండిది కాదు, మనం చెప్పిందే చేస్తోంది.

దీనికి జాకీ కూర్చునే తీరు కూడా ఒక కారణం. అమెరికా జాకీ టాడ్ స్లోన్ 1897లో ఇంగ్లాండ్ వెళ్లి, రికాబులు పొట్టిగా కట్టుకుని మెడ మీదికి వంగి నడిపితే మొదట అక్కడివాళ్లు నవ్వారు, కొన్నేళ్లకు అందరూ అలాగే కూర్చోవడం మొదలుపెట్టారు. గుర్రానికి బరువు తేలికై వేగం పెరిగింది, నిజమే. కానీ కాలితోనూ కూర్చునే బరువుతోనూ గుర్రంతో మాట్లాడే అవకాశం బాగా తగ్గిపోయింది. ఇప్పుడు జాకీకి మిగిలింది చేతులు, గొంతు, నడుము ఎత్తు. అందులో చేతులు రోజంతా ఒకే మాట చెబుతుంటే గుర్రం ఇంక ఏం వింటుంది?

మళ్లీ మొదటి నుంచి

రింగ్ బిట్ తీసేశాం. రబ్బరు తొడుగున్న మెత్తటి బిట్ పెట్టాం. ముక్కుపట్టీ కింద, ముక్కెముక మీద, రెండు వేళ్లు పట్టేంత వదులు. మూడు వారాలు ట్రాక్ వైపే తీసుకెళ్లలేదు. యజమానికి ఇది నచ్చలేదు, ఫోన్ మీద ఫోన్. నేను గుండె మీటర్ అంకెలు పంపించి, ఇవి తగ్గేదాకా రేసు మాట ఎత్తొద్దని చెప్పాను.

మొదటి వారం అంతా నేల మీదే. లాయం గదిలో నిలబెట్టి, రెండు పగ్గాలూ చేతిలోకి తీసుకుని, బిట్ మీద చిన్న ఒత్తిడి. రెండు వేళ్లతో పెట్టేంతే. వాడు మొదట ముందుకు తోశాడు, తల ఎగరేశాడు, పక్కకు తిరిగాడు. ఒత్తిడి పెంచలేదు, తీయలేదు. ఎప్పుడో ఒకసారి బరువు వెనక కాళ్ల మీదికి జరిపాడు, అడుగు కూడా కాదు, ఊరికే వెనక్కి వాలడం. ఆ క్షణంలోనే వదిలేశాను. నేర్చుకోవడం జరిగేది ఆ వదిలిన క్షణంలోనే. ఒక సెకను లోపు వదిలితే గుర్రం తను చేసిన పనికీ ఆ హాయికీ ముడి వేసుకుంటుంది. మూడు సెకన్లు ఆలస్యం చేస్తే ఈలోపు అది తల ఎగరేసి ఉంటుంది, అప్పుడు వదిలితే తల ఎగరేయడమే నేర్పిన వాళ్లం అవుతాం. రైడర్లకు నేను చెప్పే అన్ని విషయాల్లోకీ కష్టమైనది ఇదే, చేతికి అర్థం కావడానికి నెలలు పడుతుంది.

మొదటి రోజు అలా పద్నాలుగు సార్లు, పది నిమిషాల్లో ఆపేశాం. నాలుగో రోజుకు వేళ్లు మూసుకోగానే ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు. అప్పుడు గొంతు కలిపాం. ముందు 'హో', తర్వాత అర సెకనుకు వేళ్లు. వరస ముఖ్యం. మాట ముందు, ఒత్తిడి తర్వాత వస్తే, కొన్నాళ్లకు మాటే సరిపోతుంది. రెండూ ఒకేసారి ఇస్తే గుర్రం ఒత్తిడినే పట్టించుకుంటుంది, మాట చెవిన పడదు.

తర్వాత పొడుగు పగ్గాలు కట్టి నేను వెనకాల నడుస్తూ దొడ్డి చుట్టూ, చెట్ల మధ్య, మలుపుల్లో తిప్పాను. నడక, ఆగు, నడక, ఆగు. ఇది రాయడానికి ఏముంది, చెయ్యడానికి ఓపిక కావాలి.

రెండో వారం కుర్రాడు ఎక్కాడు. నడకలో ఆగడం, ట్రాట్ (నడకకూ క్యాంటర్‌కూ మధ్య వేగం) నుంచి నడకకు రావడం, ఒక పొద్దులో ముప్పై నలభై సార్లు. ఇక్కడ మేం గుర్తులు రెండింటినీ విడదీశాం. నెమ్మదించు అంటే నడుము కాస్త నిటారు చెయ్యి, 'హో' అను, వేళ్లు మూసి తెరువు, ఒక అంగకు ఒకసారి. పట్టుకుని ఉండకూడదు, నెమ్మదించగానే చెయ్యి మెత్తబడాలి. వేగం పెంచు అంటే నడుము దించు, పగ్గం ఒక బెత్తెడు కొత్తగా అందుకో, నాలుకతో ఒక టక్. ఈ రెండూ ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలవకూడదు. ఒకవేళ లాగితే మెడపట్టీ పట్టుకో, నోట్లో వేలాడొద్దు. లాగడానికి రెండు వైపులా మనుషులు కావాలి కదా, ఒక వైపు లేకపోతే గుర్రానికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

ఈ రోజుల్లోనే దాణాలో ఓట్స్ తగ్గించి గడ్డి పెంచాం, సాయంత్రం కూడా ఒక అరగంట నడిపించాం. పని తక్కువ, గింజ ఎక్కువ అయితే ఏ గుర్రమైనా ఎగురుతుంది.

మూడు వారాల తర్వాత ట్రాక్. ఒంటరిగా, అందరూ వెళ్లిపోయాక, ఫర్లాంగ్ 22 సెకన్లు. మొదటి రోజు 185 కొట్టింది గుండె, పదో రోజుకు 20 సెకన్ల వేగంలో 168. గేటు దగ్గర నడకలో 82. ఆ అంకె చూసిన రోజు సైస్ నా చేతిలోంచి మీటర్ లాక్కుని మళ్లీ మళ్లీ చూశాడు, అతని కళ్లల్లో నీళ్లు. చిన్నోడి దగ్గర పడుకునేది అతనే.

600 మీటర్ల స్తంభం

ఇంక గెలిచామనుకున్న వారంలో వాడు కుర్రాడితో సహా పారిపోయాడు. అన్నీ బాగానే ఉన్నాయి, 18 సెకన్ల క్యాంటర్, మెడ కిందికి, పగ్గం వదులు. గమ్యానికి ఇంకా 600 మీటర్లు ఉందని చెప్పే స్తంభం రాగానే ఎవరో మీట నొక్కినట్టు దౌడు. మర్నాడూ అక్కడే. ఆ మర్నాడు నేను ఆ స్తంభం దగ్గరే నిలబడి చూశాను. స్తంభానికి ఇంకా ముప్పై మీటర్లు ఉందనగానే వాడి చెవులు ముందుకు నిక్కాయి, అంగ మారింది. కుర్రాడి చేతులు కదల్లేదు.

పాత చోట వాడికి ప్రతి గ్యాలప్‌నూ, అంటే వేగపు దౌడునూ, ఆఖరి 600లోనే మొదలుపెట్టించారని తర్వాత అడిగితే తెలిసింది. గుర్రం స్థలాన్ని మరిచిపోదు. రైడర్ మాట కంటే స్తంభం మాటే బలంగా నాటుకుపోయింది. పదిహేను రోజులు ఆ స్తంభం దగ్గర మేం వేగం పెంచలేదు. దానికి యాభై మీటర్ల ముందు ట్రాట్‌కు దిగడం, స్తంభం దగ్గర ఆగి మెడ నిమరడం, మళ్లీ నడక. కొన్ని రోజులు అటు వైపు నుంచి ఎదురు దిశలో తీసుకొచ్చాం. వేగం పెంచే చోటు రోజూ మార్చాం. ఇప్పుడు లాయంలో అన్ని గుర్రాలకూ అదే పద్ధతి, గ్యాలప్ ఎక్కడ మొదలవుతుందో రైడర్‌కు తప్ప గుర్రానికి తెలియకూడదు.

గుంపులో పని దీనికంటే తేలిగ్గా అయింది. నెమ్మదైన ముసలి గుర్రం ఒకటి ముందు, వీడు నాలుగు గుర్రాల పొడవంత వెనక. తర్వాత రెండు పొడవులు. తర్వాత రెండు గుర్రాల వెనక, మొహాన ఇసుక పడేలా. ముందుండడం అలవాటైన గుర్రానికి ఇసుక కొట్టడం అంటే పెద్ద టెన్షన్. మొదట ఫర్లాంగ్ దూరం చాలు, తలను కాపాడుకోవడం వాడే నేర్చుకుంటాడు. ఆఖర్న పక్కకు తీసి, పగ్గం కొత్తగా అందుకుని, టక్ అనగానే 200 మీటర్లు వేగం. దాటగానే నడుము లేపి, హో, చెయ్యి వదులు. వేగం ఇవ్వడమూ నేర్పాలి, అదుపు అనగానే ఆపడమే అనుకుంటారు చాలామంది. ఆగమంటే ఆగే గుర్రం పొమ్మంటే వెంటనే పోకపోతే అది కూడా చేతికి వచ్చినట్టు కాదు.

వచ్చిన మూడున్నర నెలలకు మళ్లీ 1400 మీటర్ల రేసు. జాకీకి నేను ఒక్కటే చెప్పాను. గేటు తెరుచుకున్నాక మొదటి పది అంగలు చేతులు కదపొద్దు, పట్టు కొత్తగా అందుకోవద్దు. వాడు ఆరో చోట, ఒక గుర్రం వెనక, మెడ దించుకుని పరిగెత్తాడు. ఆఖరి 400 మీటర్లు 24 సెకన్ల చిల్లర. నాలుగో స్థానం. గురగుర లేదు. గెలిచిన గుర్రం దగ్గర అందరూ ఉన్నారు, మేం ముగ్గురం చిన్నోడి దగ్గర నిలబడి ఆ సెకన్లు చూసుకుంటున్నాం. తర్వాతి రేసు 1600కి పెంచాం, గుర్రం మెడంత తేడాతో రెండో స్థానం. 1000కి దించమన్న గుర్రం.

పూర్తిగా బాగయ్యాడని చెప్పను. కొత్త జాకీ ఎవరైనా కంగారులో మొదటి ఫర్లాంగ్‌లోనే పగ్గం పొట్టి చేసుకుంటే పాతదంతా ఒక్కసారిగా తిరిగొస్తుంది, ఒక రేసులో అలా జరిగింది కూడా. పళ్లు ఆరు నెలలకోసారి చూపిస్తున్నాం. వారంలో ఒకరోజు ఇప్పటికీ ట్రాక్ ఉండదు, పొడుగు పగ్గాలు కట్టి నేనే వెనక నడుస్తాను. వాన పడిన రోజు మాత్రం కుర్రాడు ఎవరినీ అడగకుండా వాడి జీను తనే తెచ్చుకుంటాడు.